స్థానిక సంఘ చరిత్ర సేకరణలు – వేదాంత విద్యార్థుల దృష్టి: దేవరకొండ క్షేత్రము ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

వేదాంత కళాశాల గ్రంథాలయంలో మార్టిన్ లూథరు గురించి పుస్తకం కావాలంటే విద్యార్థికి కొద్ది నిమిషాల్లో దొరుకుతుంది. అదే విద్యార్థి తన స్వంత సంఘం ఏ సంవత్సరంలో మొదలైంది, ఆ ఊరిలో మొదట బాప్తిస్మము పొందినది ఎవరు, మొదటి మందిరం ఎవరి స్థలంలో కట్టారు అని వెదకితే ఏ అరలోనూ సమాధానం కనబడదు. సమాధానమే లేదని దీని అర్థం కాదు. అది ఒక పాస్టరుగారి ట్రంకు పెట్టెలో ఉండవచ్చు, ఒక వృద్ధురాలి జ్ఞాపకంలో ఉండవచ్చు, లేదా సముద్రాల అవతల ఒక అమెరికా నగరంలో భద్రంగా ఉండవచ్చు. గ్రంథాలయంలో మాత్రం లేదు, ఉన్నా విద్యార్థికి తెలియదు.

ఈ లోటును తీర్చడానికి ఏర్పడినదే స్థానిక సేకరణ విభాగము. ఒక ప్రాంతానికి, అక్కడి ప్రజలకు, సంఘాలకు సంబంధించిన పుస్తకాలు, రిజిస్టర్లు, ఉత్తరాలు, తీర్మానాల పుస్తకాలు, ఛాయాచిత్రాలు, పటాలు, పాటల నోటుబుక్కులు, వృద్ధుల మాటల రికార్డింగులు ఒకచోట చేర్చి, జాబితా వ్రాసి, అడిగినవారికి చూపించే సేవ ఇది. చేర్చుట, జాబితా వ్రాయుట, చూపించుట అనే మూడింటిలో ఏది లోపించినా అది సేవ అనిపించుకోదు. ఈ వ్యాసంలో అట్టి సేవను మన విద్యార్థులు ఏ దృష్టితో చూస్తున్నారో, ఆ దృష్టికి కారణాలేమిటో, దానిని మార్చడానికి గ్రంథాలయాలు, పాస్టర్లు ఏమి చేయవచ్చునో దేవరకొండ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించ ప్రయత్నిస్తాము.

1. దేవరకొండనే ఎందుకు తీసుకున్నాము?

దేవరకొండ అనగానే చాలామందికి రేచర్ల పద్మనాయకుల నాటి కోట గుర్తుకు వస్తుంది. కోట గురించి వ్రాసినవారు ఉన్నారు. కోట క్రింది పల్లెల్లో, తండాల్లో గత నూరేండ్లకు పైగా సాగిన సంఘ జీవితం గురించి తెలుగులో వ్రాసింది బహు స్వల్పం.

ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో కనీసం మూడు పాయలు కలుస్తాయి. మొదటిది అమెరికన్ బాప్టిస్టు మిషను. నెల్లూరు, ఒంగోలులలో స్థిరపడిన ఆ పరిచర్య 19వ శతాబ్దపు చివరి భాగంలో నిజాం రాజ్యంలోనికి, సికింద్రాబాదు, హనుమకొండ, పాలమూరు ప్రాంతాలకు విస్తరించింది. రెండవది రష్యాలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలవారి పరిచర్య. అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో భారతదేశానికి వచ్చి, బాప్టిస్టు మిషనుతో కలిసి నల్గొండలో పని ప్రారంభించారు. వారి తరువాత వచ్చినవారు సూర్యాపేట, జనగామలలో కేంద్రాలు తెరిచారు. మూడవది అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలవారి స్వంత మిషను. ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాదుకు వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలు, 1910ల దశకంలో జె. హెచ్. వోత్ ద్వారా దేవరకొండ కేంద్రాలు ఏర్పడ్డాయి. 1937లో మహబూబ్‌నగర్ క్షేత్రం బాప్టిస్టుల నుండి మెన్నోనైట్ బ్రదరన్ మిషను చేతికి వచ్చింది.

ఇన్ని చేతులు మారిన చరిత్రకు కాగితాలు కూడా అన్ని చోట్లకు చెదిరిపోయాయి. రష్యానుండి వచ్చిన మిషనెరీలు తమవారికి జర్మను భాషలో వ్రాసుకున్నారు. బాప్టిస్టు నివేదికలు ఇంగ్లీషులో ఉన్నాయి. నిజాం కాలపు భూమి కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. సంఘ పెద్దల తీర్మానాలు తెలుగులో ఉన్నాయి. లంబాడీ తండాల సాక్ష్యాలు, పాటలు వారి గోర్ బోలీ భాషలో, వ్రాతలోనికి రాకుండా నోటిలోనే ఉన్నాయి. ఒక్క తాలూకా సంఘ చరిత్రకు ఐదు భాషలు అవసరమైన చోట, స్థానిక సేకరణ లేకుండా ఒక బి.డి. విద్యార్థి ఎంత దూరం పోగలడు?

2. విద్యార్థుల మాటల్లో వినిపించే అభిప్రాయాలు

మేము లెక్కల పట్టికలతో చేసిన సర్వే ఇది కాదు. విద్యార్థులతోను, యౌవన పాస్టర్లతోను సంభాషించినప్పుడు మరల మరల వినవచ్చిన మాటలను ఐదు తరగతులుగా విభజిస్తున్నాము.

(అ) "అటువంటిది ఉందని మాకు తెలియదు." ఇది అన్నిటికంటే ఎక్కువగా వినబడే మాట. కళాశాలలో చేరిన మొదటి వారంలో గ్రంథాలయాన్ని చూపించేటప్పుడు వ్యాఖ్యాన గ్రంథాలు, నిఘంటువులు చూపిస్తారు. మూలనున్న తాళం వేసిన బీరువాను గురించి ఎవరూ చెప్పరు.

(ఆ) "అది పరిశోధకులకు మాత్రమే." తాళం, అనుమతి పత్రం, సంతకం అనేవి విద్యార్థిలో జంకు కలిగిస్తాయి. గ్రామ సంఘం నుండి వచ్చి, తన కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గుమ్మం తొక్కిన విద్యార్థి మరింత జంకుతాడు. అడిగితే ఏమనుకుంటారో అని అడగకుండానే వెనుకకు మరలుతాడు.

(ఇ) "అవి పాత కాగితాలు, వేదాంతము కాదు." ఈ అభిప్రాయం విద్యార్థి స్వయంగా తెచ్చుకున్నది కాదు. మన పాఠ్యక్రమం నేర్పినది. బయటి దేశపు వేదాంత పండితుని మాట వ్యాసంలో ఉదహరిస్తే మార్కులు వస్తాయి. తన ఊరి బైబిల్ స్త్రీ చెప్పిన సాక్ష్యాన్ని ఉదహరిస్తే ఆధారమేదని అడుగుతారు. అందుచేత ఏది విలువైన జ్ఞానమో విద్యార్థి త్వరగానే గ్రహిస్తాడు.

(ఈ) "వెదకినా దొరకదు." దీనికి సాంకేతిక కారణాలు ఉన్నాయి. తరువాతి భాగంలో వివరిస్తాము.

(ఉ) "మా గురించి మేము వ్రాసినది అందులో లేదు." ఇది కొద్దిమందే అంటారు గాని చాలా లోతైన మాట. మిషను నివేదికల్లో మిషనెరీల పేర్లు, వారి పిల్లల పేర్లు, కొన్నిసార్లు వారి గుర్రం పేరు కూడా కనబడుతుంది. కాలినడకన పల్లె పల్లెకు తిరిగిన తెలుగు ప్రసంగీకుడు మాత్రం తరచుగా పేరులేని "స్థానిక సహాయకుడు"గానే మిగిలిపోతాడు. తన తాతను వెదకుతూ వచ్చిన మనుమడికి అక్కడ తాత కనబడడు.

ఈ ఐదింటిలో మొదటి నాలుగు గ్రంథాలయ సేవలోని లోపాలు. ఐదవది సేకరణలోని లోపం. మొదటివాటిని గ్రంథాలయాధికారి సరిచేయగలడు. ఐదవదానిని సంఘాల సహాయం లేకుండా ఎవరూ సరిచేయలేరు.

3. వెదకినా దొరకకపోవడానికి కారణాలు

మన గ్రంథాలయాల్లో ఎక్కువగా వాడే డ్యూయీ దశాంశ పద్ధతి పుస్తకాలను విషయాన్ని బట్టి అమర్చుతుంది, ఊరిని బట్టి కాదు. కనుక నల్గొండ బాప్టిస్టుల గురించిన పుస్తకం 286 వద్ద, మెన్నోనైటుల గురించినది 289.7 వద్ద, మిషను పని అనే దృష్టితో వ్రాసినది 266 వద్ద, భారతదేశ సంఘ చరిత్రగా వ్రాసినది 275.4 వద్ద చేరుతాయి. జిల్లా చరిత్ర 954వ తరగతిలోనికి పోతుంది. షంషాబాదులో 1932లో మిషనెరీ దంపతులకు జన్మించి, తరువాత ప్రసిద్ధ మానవశాస్త్రజ్ఞుడైన పాల్ హీబర్ట్ 1971లో "కొండూరు" అనే గ్రామంపై ప్రచురించిన పుస్తకం సమాజశాస్త్రపు అరలో ఉంటుంది. పాల్ డి. వీబ్ మహబూబ్‌నగర్ మెన్నోనైటులపై వ్రాసి 1988లో మద్రాసు సి.ఎల్.ఎస్. ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథం మరొక అరలో ఉంటుంది. ఈ రెండూ ఇరుగుపొరుగు ప్రాంతాల సంగతులే. అయినా ఒక అరలో నిలబడి వెదకిన విద్యార్థికి రెండవది కనబడదు.

రెండవ కారణం పేర్లు. దేవరకొండ పేరును ఇంగ్లీషులో వ్రాసినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అక్షరాలు కూర్చారు. మహబూబ్‌నగర్ బాప్టిస్టు నివేదికల్లో "పాల్మూర్"గా కనబడుతుంది. నల్గొండకు నీలగిరి అనే పాత పేరు ఉంది. పాలన కూడా మారింది. 1948 వరకు నిజాం రాజ్యం, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రం, 2014 వరకు ఆంధ్రప్రదేశ్, ఆ తరువాత తెలంగాణ. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజన పొందినప్పుడు సూర్యాపేట, జనగామ, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనవి. కంప్యూటరులో నేటి పేరు మాత్రమే కొట్టి వెదకిన విద్యార్థికి పాత పేరుతో ఉన్న కాగితం దొరకదు. ఒక్కొక్క ఊరికి ఉన్న పేర్లన్నిటినీ ఒకే కార్డుపై వ్రాసి, ఒకదానినుండి మరొకదానికి దారి చూపించడం గ్రంథాలయం చేయవలసిన పని.

మూడవ కారణం దూరం. మెన్నోనైట్ బ్రదరన్ మిషను కాగితాల పెద్ద సేకరణ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు ఫ్రెస్నో నగరంలో ఉంది. అమెరికన్ బాప్టిస్టుల చారిత్రక సంఘపు సేకరణ అట్లాంటాలో ఉంది. బెంగుళూరు యునైటెడ్ థియోలాజికల్ కళాశాలలో సంఘ చరిత్రకు సంబంధించిన పత్ర భాండాగారం ఉంది. నిజాం కాలపు ప్రభుత్వ పత్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్ర భాండాగారంలో ఉన్నాయి. 1964లో రాజమండ్రిలో ప్రారంభమై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, షంషాబాదులోని మెన్నోనైట్ బ్రదరన్ శతాబ్ది బైబిలు కళాశాల మనకు దగ్గరలో ఉన్న స్థలాలు. 2007లో నల్గొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఈ జిల్లాల చరిత్ర చదివే విద్యార్థులు ఇప్పుడు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. ఎక్కడెక్కడ ఏమున్నదో తెలిపే ఒక చిన్న తెలుగు మార్గదర్శిని ప్రతి కళాశాల గ్రంథాలయంలో ఉంటే విద్యార్థికి సగం శ్రమ తగ్గుతుంది. చదువరి కాలాన్ని ఆదా చేయాలని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో తన గ్రంథాలయ సూత్రాలలో నియమించినది ఇందుకొరకే.

4. వాక్యపు వెలుగులో

ఎజ్రా గ్రంథము 5, 6 అధ్యాయాలను స్థానిక సేకరణ దృష్టితో చదివితే ఒక గొప్ప సత్యం బోధపడుతుంది. యెరూషలేములో దేవాలయం కడుతున్నవారిని అధికారులు వచ్చి, మీకు అనుమతి ఎవరిచ్చారని ప్రశ్నించారు. యూదుల పెద్దలు కోరెషు ఆజ్ఞ సంగతి నోటితో చెప్పారు. నోటి మాట చాలలేదు. దర్యావేషు రాజు వెదకించగా ఆ ఆజ్ఞ మాదీయుల దేశములోని ఎగ్బతానాలో దొరికింది. మందిరపు కొలతలు, ఖర్చు ఎవరు భరించాలి, ఉపకరణాలు ఎక్కడికి చేర్చాలి అనే వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం బయటపడినందున పని ఆగలేదు, మందిరం పూర్తయింది.

మన సంఘాల స్థితి దీనికి దగ్గరగా లేదా? మందిర స్థలం ఎవరిదని ప్రశ్న వచ్చినప్పుడు పెద్దలు నోటితో చెప్పగలరు. దానపత్రం ఏదని అడిగినప్పుడు మౌనం వహిస్తారు. మన ఎగ్బతానా ఒకటి ఫ్రెస్నోలో, మరొకటి అట్లాంటాలో ఉన్నది. ఇంకొకటి మన పాస్టరుగారి ఇంటి అటకపై చెదలకు ఆహారమవుతున్నది. అదే గ్రంథము 2వ అధ్యాయములో వంశావళి పట్టీలో తమ పేర్లు దొరకనందున యాజకత్వమునుండి వేరుచేయబడినవారి సంగతి ఉన్నది. పట్టీ పోవడమంటే కాగితం పోవడం మాత్రమే కాదు, మనిషి స్థానం పోవడం.

యిర్మీయా 32వ అధ్యాయములో ప్రవక్త పొలం కొని, క్రయపత్రమును ముద్రవేసినది ఒకటి, తెరిచియున్నది ఒకటిగా మట్టికుండలో పెట్టించాడు, అవి బహుకాలము నిలుచునట్లు. పట్టణం ముట్టడిలో ఉన్న సమయమది. రేపు ఉంటామో లేదో తెలియనప్పుడు కూడా పత్రం భద్రపరచడం విశ్వాస క్రియయే గాని లోకసంబంధమైన పని కాదని ఈ భాగం బోధిస్తున్నది. ముద్రవేసిన ప్రతి, తెరిచిన ప్రతి అనే రెండూ ఉండటం గ్రంథాలయానికి మంచి పాఠం. అసలును భద్రపరచాలి, నకలును చదువరి చేతికి ఇవ్వాలి.

5. చూపించవలసినవి, చూపించకూడనివి

సేకరణ తెరవాలి అన్నంత మాత్రాన అన్నీ అందరికీ తెరవాలని కాదు. ఈ విషయంలో దేవరకొండ వంటి ప్రాంతాల పాస్టర్ల భయం న్యాయమైనదే. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు, తరువాతి సవరణలతో 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది గాని, క్రైస్తవులైన దళితులకు వర్తించలేదు. అందుచేత బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక వరుస జీవించి ఉన్న ఒక కుటుంబపు చదువును, ఉద్యోగాన్ని ఇబ్బందిలో పడవేయగలదు. రిజిస్టరు అడిగిన విద్యార్థికి పాస్టరు "లేదు" అని చెప్పడానికి అనేక పర్యాయాలు కారణం ఇదే. విద్యార్థి దానిని నిర్లక్ష్యం అనుకుంటాడు, పాస్టరు దానిని మంద కాపుదల అనుకుంటాడు.

ఈ చిక్కుకు పరిష్కారం రిజిస్టరును దాచిపెట్టి పాడుచేయడం కాదు, నియమం వ్రాసుకోవడం. జీవించియున్నవారి వివరాలుగల రిజిస్టర్లను నిర్ణీత కాలం మూసియుంచాలి. సంఘ క్రమశిక్షణ తీర్మానాలు, కుటుంబ తగాదాల ఉత్తరాలు కూడా అట్లే. ఎంత కాలమో, ఎవరి అనుమతి కావాలో అప్పగించే దినమందే కాగితంపై వ్రాయాలి. మూసియున్న కాలంలో కూడా ఫలానా రిజిస్టరు ఫలానా సంవత్సరం నుండి ఉన్నదని జాబితాలో చెప్పవచ్చు, లోపలి పేర్లు చెప్పనవసరం లేదు. జూబిలీ సంచికలు, సభల కరపత్రాలు, నివేదికలు, పాటల పుస్తకాలు మొదలైనవి వెంటనే తెరిచి ఉంచవచ్చు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం క్రింద పాస్టర్లు వ్రాసే వివాహ రిజిస్టర్లు చట్టసంబంధమైనవి గనుక వాటి అసలు ప్రతులను కదపక ముందు సంఘ అధికారులను సంప్రదించాలి.

6. ఆచరణలో చేయదగినవి

గ్రంథాలయాలు చేయదగినవి:

(1) స్థానిక విభాగపు జాబితాను తెలుగులో, ఊర్ల పేర్ల క్రమంలో తయారుచేసి గోడపై అంటించాలి. దేవరకొండ అని చూస్తే ఏ అరలో ఏమున్నదో ఒకేచోట కనబడాలి.
(2) వారానికి ఒక పూట ఆ విభాగానికి నిర్ణయించి, ఆ సమయంలో ఎవరైనా నిస్సంకోచంగా వచ్చి అడుగునట్లు ప్రకటించాలి.
(3) సంఘ చరిత్ర బోధించే అధ్యాపకులతో కలిసి, మొదటి సంవత్సరపు విద్యార్థులందరికీ "మా సంఘ చరిత్ర" అనే చిన్న వ్యాసం ఇవ్వాలి. మంచి వ్యాసాల ఒక ప్రతిని విభాగంలోనే భద్రపరచాలి. చదువరిగా వచ్చిన విద్యార్థి అప్పుడు దాతగా మారుతాడు, సేకరణపై అతని దృష్టి అక్కడే మారుతుంది.
(4) వృద్ధుల సాక్ష్యాలను ఫోనులో రికార్డు చేయడం నేర్పాలి. మొదట వారి సమ్మతి తీసుకోవాలి. పేరు, ఊరు, తేదీ రికార్డింగు మొదట్లో పలకాలి. తండాలలో వారి భాషలోనే మాట్లాడనివ్వాలి, తెలుగు అర్థం తరువాత వ్రాసుకోవచ్చు.

పాస్టర్లు చేయదగినవి:

(1) పాత కాగితాలను ఉన్న వరుసలోనే ఉంచి, నూలుగుడ్డలో చుట్టి, నేలకు, గోడకు తగలకుండా పెట్టాలి. చిరిగినచోట సెల్లోటేపు అంటించరాదు, లామినేషను చేయించరాదు. ఈ రెండూ కాలక్రమేణా కాగితాన్ని పాడుచేస్తాయి.
(2) పాత ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, ఉన్నవారి పేర్లు ఎడమనుండి కుడికి వ్రాయాలి. గుర్తుపట్టగల వృద్ధులు ఉండగానే ఈ పని చేయాలి.
(3) గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు ఏమి ఇచ్చారో, దానమా, భద్రపరచుటకు మాత్రమేనా, ఎప్పుడు తెరవవచ్చునో రెండు ప్రతులుగా వ్రాసి సంతకాలు చేసుకోవాలి. అసలు ఇవ్వడం ఇష్టం లేనివారు ఫోటోలు తీయించి నకలు ఇవ్వవచ్చు.
(4) ఒక పాస్టరు బదిలీ అయినప్పుడు, లేదా ప్రభువునందు నిద్రించినప్పుడు, ఇల్లు ఖాళీ చేసేలోపే సంఘ పెద్దలు ఆ పుస్తకాలను లెక్కచూసుకోవాలి. చిత్తు కాగితాల కొట్టుకు పోయిన సంఘ చరిత్రను ఏ గ్రంథాలయమూ తిరిగి కొనలేదు.

ముగింపు

స్థానిక సేకరణ విద్యార్థులకు అక్కరలేదని కొందరు భావిస్తారు. మా పరిశీలన వేరు. అది వారికి కనబడలేదు, కనబడినా తమకొరకని అనిపించలేదు, తెరిచినా అందులో తమవారు కనబడలేదు. అక్కరలేకపోవడం వేరు, అందకపోవడం వేరు. ఒక్కసారి తన తాత పేరును సంఘపు పట్టీలో చూసుకున్న విద్యార్థికి సంఘ చరిత్ర ఇక పరీక్ష పాఠంగా ఉండదు. అతడు రేపు పాస్టరైనప్పుడు రిజిస్టరును శ్రద్ధగా వ్రాస్తాడు, చెదలనుండి కాపాడుతాడు, తరువాతివానికి అప్పగిస్తాడు.

దేవరకొండ ప్రాంతంలో తొలి తరపు విశ్వాసులను కన్నులారా చూసినవారు నేడు బహు కొద్దిమంది. వారి మాటలను వ్రాసుకొనే అవకాశం మన తరానికే ఉంది, తరువాతి తరానికి ఉండదు. కనుక దైవసేవకులారా, వేదాంత విద్యార్థులారా, మన చేతిలో ఉన్న పుస్తకాలను, మన మధ్య ఉన్న పెద్దలను ఈ సంవత్సరమే లెక్కచూసుకొందము. యొర్దాను నడుమనుండి తీసిన రాళ్లను గిల్గాలులో నిలిపించి, పిల్లలు అడిగినప్పుడు చెప్పుటకు జవాబు సిద్ధపరచిన దేవుడు, మన పిల్లలకు చెప్పవలసిన జవాబును భద్రపరచు జ్ఞానమును మనకు అనుగ్రహించును గాక.